గుట్ట మీంచి మా ఇంటి మాటలు

నిరుడు వానాకాలంలో ఒక శనివారం సాయంత్రం మా అమ్మా బాపూ మా ఇంట్లో కూర్చుని మాట్లాడుకున్న మాటలు బోధన్ నుంచి ఆర్మూర్ దాకా వినబడ్డాయి. వినబడుతున్నాయని తెలియనిది వాళ్ళిద్దరికే.

బోధన్‌లో మాది హామ్ రేడియో ఇల్లు. సర్కారు పెట్టే పరీక్ష పాసై, లైసెన్సు తీసుకుని, సొంత సెట్లతో ఒకరితో ఒకరు మాట్లాడుకునేవాళ్ళం జిల్లాలో కొద్దిమందిమి ఉన్నాం. చేతిలో పట్టుకునే సెట్టుతో మాట్లాడితే ఆ మాట ఊరు దాటడమే కష్టం. అందుకని మా క్లబ్బు నిజామాబాద్ బయట ఒక గుట్ట మీద రిపీటర్ పెట్టింది. చిన్న గది, అందులో ఒక ఇనప పెట్టె, బ్యాటరీలు, గది పక్కన స్తంభానికి యాంటెన్నా. కింద ఎవరు బటన్ నొక్కి మాట్లాడినా ఆ మాటను పట్టుకుని అప్పటికప్పుడే నలుదిక్కులా గట్టిగా పంపిస్తుంది. ఒకరు బటన్ వదిలితేనే ఇంకొకరికి వంతు. వదలకుండా పట్టుకుంటే మిగతావాళ్ళంతా నోరు మూసుకుని వినవలసిందే.

ఆ రిపీటర్‌ని నిలబెట్టింది ఇద్దరు. ఒకరు మా బాపు దేవిదాస్. మంజీర ఒడ్డున మాకు చేను ఉంది. ఒకప్పుడు అంతా చెరుకే, ఇప్పుడు చాలావరకు వరి. స్తంభం ఎక్కడం, తీగలు బిగించడం బాపు పని. రెండో మనిషి అబ్దుల్ రహీం చాచా. నిజామాబాద్‌లో వాళ్ళ తాత పెట్టిన కళ్ళద్దాల దుకాణం నడుపుతాడు. పెట్టె లోపలి పనంతా ఆయనది. చాచాకు తన గొంతంటే తనకే మహా ఇష్టం. శనివారం సాయంత్రాలు మేమంతా వరసగా హాజరు చెప్పుకునే నెట్‌ని ఆయనే నడిపేవాడు. పెళ్ళిపత్రిక చదువుతున్నట్టు ఒక్కొక్కరి పేరూ పిలిచేవాడు. నాకు పరీక్ష పాఠాలు చెప్పింది ఆయనే. పాఠం రాకపోతే తల మీద స్కేలుతో కొట్టిందీ ఆయనే. బోధన్ వైపు ఏ పని పడినా మా ఇంట్లోనే భోంచేసి వెళ్ళేవాడు.

వానలు మొదలయ్యే రోజుల్లో చాచా కూతురు నజియాకు కోటగిరి కాలేజీలో ఉద్యోగం వచ్చింది. నిజామాబాద్ నుంచి రోజూ రెండు బస్సులు మారి వెళ్ళాలి. బోధన్‌లో ఉంటే ఒక్క బస్సుతో సరిపోతుంది. చాచా మా ఇంట్లో అన్నం తింటూ అడిగాడు.

"దేవిదాస్, నీ పై వాటా ఖాళీగనే ఉన్నది గదా. నజియాకు ఇయ్యరాదు. పిల్ల నీ కండ్ల ముంగట ఉంటె నాకు పరేషాన్ ఉండది."

"అయ్యో, దానికి నన్ను అడుగుడేంది రహీం భాయ్," అన్నాడు బాపు. "గని మా అన్న కొడుకు ట్రాన్స్‌ఫర్ మీద ఒస్త అంటున్నడు. వాణ్ని ఒక్క మాట అడిగి చెప్త."

"అడుగు, అడుగు. నాకేం తొందర లేదు. నువ్వు చెప్పినప్పుడే."

మా పెదనాన్న కొడుకు ఎక్కడికీ ట్రాన్స్‌ఫర్ కావడం లేదు. అది నాకు తెలుసు, అమ్మకు తెలుసు. అమ్మ మజ్జిగ తెస్తానని లోపలికి వెళ్ళి చాలాసేపు బయటికి రాలేదు. చాచా మాత్రం బీరకాయ పచ్చడి రెండుసార్లు వడ్డించుకున్నాడు.

ఆ శనివారం నేను నిజామాబాద్‌లో ఉన్నాను. చాచా దుకాణం వెనక గదిలో క్లబ్బు మీటింగు. మధుకర్ సార్ వచ్చాడు. ఆయన మా క్లబ్బు కార్యదర్శి, బ్యాంకులో పనిచేసి రిటైరైన మనిషి. మీటింగు అయ్యాక చాచా నెట్ మొదలుపెట్టాడు. బల్ల మీద పెద్ద సెట్టు ఉంది, మా చేతి సెట్లూ అక్కడే పెట్టాం. బాపు కూడా ఇంటి నుంచి హాజరు చెప్పాడు. ఇంకొందరు చెప్పారు. కావలసిన మాటలన్నీ అయిపోయి చాచా ముగించబోతుండగా సెట్లోంచి ఫ్యాను తిరుగుతున్న చప్పుడు వచ్చింది. ఆ వెంటనే అమ్మ గొంతు.

"పాపం, పిల్ల రెండు బస్సులు మారి పోతుంది. ఇస్తే ఏమైతది?"

నాకు మొదట అర్థం కాలేదు. అమ్మ రేడియోలో ఎప్పుడూ మాట్లాడదు. తర్వాత బాపు గొంతు వచ్చింది. హాజరు చెప్పిన గొంతు కాదు, ఇంట్లో పడుకుని మాట్లాడే గొంతు.

"ఏమైతది అంటవేందే. వాడకట్టోళ్ళు ఏమంటరు? రేపు నిఖితకు సంబంధం జూడ ఒచ్చినోళ్ళు పైన ఎవరుంటున్నరు అంటె ఏం జెప్త?"

ఎక్కడో మైకు బటన్ నొక్కుకుపోయింది. మా ఇంట్లో సెట్టు దివాను పక్కన ఉంటుంది. హాజరు చెప్పాక బాపు మైకును దివాను మీదే పడేసి, దాని మీద దిండు వేసుకుని పడుకుని ఉంటాడు. అది అక్కడ, గుట్ట మీద పెట్టె అక్కడ, మేమిక్కడ. మధ్యలో దూరి ఆపడానికి ఎవరికీ వీలులేదు.

మధుకర్ సార్ చెయ్యి చాపి సెట్టు గొంతు తగ్గించబోయాడు. చాచా ఆయన మణికట్టు పట్టుకున్నాడు.

"ఉండనియ్. బటన్ ఇరుక్కుంటె ఎవరిదో తెల్సుకునేదాక ఇనాలె. రూలు."

ఎవరిదో ఆ గదిలో తెలియనివాళ్ళు లేరు.

"ఆయన నీకు తోడబుట్టినోని లెక్క అంటవు గదా," అంటోంది అమ్మ.

"అంట. సెట్టు కాడ అంట, గుట్ట మీద అంట. ఇల్లు వేరు. వాళ్ళు ఏం ఒండుకుంటరో, ఏం తింటరో, మన నెత్తి మీద పెట్టుకుంటమా? దోస్తాన్ ఎంతవరకో గంతవరకే ఉండాలె."

నేను ఫోను తీసి బాపుకు చేశాను. సెట్లో బాపు ఫోను మోగడం వినబడింది. నా చెవి దగ్గర ఒక చప్పుడు, బల్ల మీంచి ఇంకో చప్పుడు.

"ఎవరు?" అమ్మ.

"నిఖిత. మీటింగు అయిపోయింది, బస్సెక్కుతున్న అని చెప్తది. ఎక్కనీ."

మోత ఆగిపోయింది. అమ్మకు చేశాను. అమ్మ ఫోను వంటింట్లో ఎక్కడో సన్నగా మోగుతోంది. ఎవరూ లేవలేదు.

"మల్ల ఆయన మొకం ఎట్ల సూస్తవు?" అంది అమ్మ.

బాపు నవ్వాడు. "మా అన్న కొడుకు ఒస్తుండని చెప్పిన గదా. రహీంకు గంత దూరం ఆలోచన పోదు. కండ్లద్దాలు అమ్ముతడు గని ఆయనకే కనబడదు." తర్వాత కొంచెం ఆగి, గొంతు మార్చి అన్నాడు. "నువ్వేం నాకు నీతులు చెప్పకు. ఆయన తిన్న ప్లేటు యాడ కడిగి యాడ వెడ్తవో నాకు తెల్వదా? ఇన్నేండ్ల సంది వెనుక గూట్ల దాసేది ఎవరు? నేనా?"

"అది మా అత్త ఉన్నప్పటి సంది..." అని అమ్మ మొదలుపెట్టింది. అక్కడ మాట తెగిపోయింది. ఎవరైనా మరీ ఎక్కువసేపు బటన్ పట్టుకుంటే రిపీటర్ తనంతట తానే ఆపేసేలా చాచా అందులో టైమర్ పెట్టాడు.

ఆ గూడు నాకు తెలుసు. ఆ ప్లేటు నేనూ కడిగాను, గూట్లో నేనూ పెట్టాను. ఎందుకని నేనెప్పుడూ అడగలేదు. నేను చాచా వైపు చూడలేకపోయాను. బల్ల మీద ఆయన చేతులు మాత్రం కనబడ్డాయి. కళ్ళద్దాలు తీసి, చొక్కా అంచుతో తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు.

"టైమర్ కోసింది," అన్నాడు. "మంచిగనే పనిచేస్తుంది."

"రహీం సాబ్..." అన్నాడు మధుకర్ సార్.

"ఇయ్యాల్టికి నెట్ బంద్. బిడ్డా, నీకు బస్సు టైమైతుంది, పో. ఇంటికి ఫోన్ జెయ్యి. మైకు యాడనో నొక్కుకపోయింది, తియ్యమను. లేకుంటె సెట్టు కాలుతది."

"చాచా, నేను..."

"పో బిడ్డా."

బస్టాండు నుంచి బాపుకు ఫోన్ చేశాను. ఈసారి ఎత్తాడు.

"బాపు, దిండు కింద మైకు ఉన్నది. తియ్యి."

"ఏం మైకు?"

"తియ్యి," అని పెట్టేశాను. బస్సులో పక్కన కూర్చున్నావిడ ఏదో అడిగితే తల ఊపాను. ఆమె ఏమడిగిందో నాకు తెలియదు.

ఇంటికి వచ్చేసరికి బాపు దివాను మీద నిటారుగా కూర్చుని ఉన్నాడు. మైకు ఒళ్ళో ఉంది. అమ్మ వంటింటి గడప దగ్గర నిలబడింది. నేను చెప్పులు విప్పకముందే బాపు అడిగాడు.

"ఎంత దాక ఒచ్చింది?"

ఏమన్నానని అడగలేదు. ఎవరు విన్నారని అడగలేదు.

"మా అత్త ఉన్నప్పటి సంది అన్న దాక," అన్నాను.

అమ్మ పైట కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ప్లేటు ముచ్చట ఒచ్చిందా?"

"ఒచ్చింది."

"రహీం విన్నడా?"

"నా పక్కనే ఉన్నడు బాపు."

బాపు మైకును అటూ ఇటూ తిప్పి చూశాడు. "స్ప్రింగు పోయినట్టున్నది. నొక్కితె లేస్తలేదు. ఎప్పుడో మార్చాల్సి ఉండె," అన్నాడు. ఆయన ఇంకేమైనా అంటాడని నేను నిలబడ్డాను. స్క్రూడ్రైవర్ తెచ్చి మైకు విప్పడం మొదలుపెట్టాడు. ఆ రాత్రి మా ఇంట్లో ఎవరూ అన్నం తినలేదు.

మర్నాడు పొద్దున అమ్మ గిన్నెలన్నీ బయటేసి తోమింది. తర్వాత చూస్తే వెనక గూడు ఖాళీ. ప్లేట్లన్నీ ఒక్కచోటే బోర్లించి ఉన్నాయి. అన్నీ ఒకే రకం స్టీలువి. మధ్యాహ్నం నాకు పెట్టిన ప్లేటు ఏదో నాకు తెలియదు. అడగలేదు. అమ్మకు తెలుసనే అనిపించింది.

నజియా మూడో నాడు ఫోన్ చేసింది.

"నిఖితా, మీ పై వాటా వద్దని మా అబ్బా అంటున్నడు. నువ్వు అక్కడికే పోతవు అని మొన్నటిదాక అన్నడు. ఇప్పుడు మీ ఊర్లనే శక్కర్‌నగర్‌ల ఎవరిదో ఇల్లు చూస్తున్నడు. ఎందుకని అడిగితె చెప్త లేడు. మీ అన్న ఒస్తున్నడా ఏంది?"

ఔనని ఉంటే అక్కడితో అయిపోయేది.

"మా అన్న ఎవరూ ఒస్తలేడు," అన్నాను. "మా బాపు ఇయ్యనన్నడు."

"ఎందుకు?"

"నీకు తెల్సు నజియా."

అవతల బస్సు హారను వినబడింది. కాలేజీ నుంచి వస్తున్నట్టుంది.

"ఆఁ," అంది. "తెల్సు. ఇంతకుముందు రెండిండ్లల్ల గట్లనే అయింది. మీదైతె ఇంక అడిగేదే లేదు అనుకున్నం." పెట్టేసే ముందు, "నువ్వు మంచిగున్నవా?" అని అడిగింది. మంచిగనే ఉన్నానని చెప్పాను. ఫోన్ పెట్టాక పైవాటా మెట్ల మీద కూర్చుని ఏడ్చాను.

తర్వాతి వారాల్లో బాపు మైకు ముట్టలేదు. నేనూ ముట్టలేదు. శనివారం నెట్ నడుస్తూనే ఉండేది. చాచా అందరి పేర్లూ పిలిచి, మా ఇద్దరి పేర్ల దగ్గర ఎప్పటిలాగే ఆగేవాడు. జవాబు లేకపోతే తర్వాతి పేరుకు పోయేవాడు. మేం గొంతు తగ్గించి వినేవాళ్ళం. ఒకసారి బాపు యూరియా కోసమని నిజామాబాద్ వెళ్ళాడు. సాయంత్రం ఉత్త చేతులతో వచ్చాడు. చాచా దుకాణం ఎదురుగా హోటల్లో కూర్చుని చాయ్ తాగి తాగి తిరిగి వచ్చేశాడట. ఆ సంగతి ఆయన చెప్పలేదు. మధుకర్ సార్ అటు వెళుతూ చూసి నాకు ఫోన్ చేసి చెప్పాడు. "లోపలికి పోయి ఉంటె రహీం ఏమనకపోవు నిఖితా. కూసో అనేటోడే," అన్నాడు.

ఆ మాట బాపుకు చెబితే, "కూసో అంటడనే పోలేదు," అన్నాడు.

ఆగస్టు నెలాఖరులో ముసురు పట్టింది. పగలూ రాత్రీ తెరిపి లేదు. నిజాంసాగర్ గేట్లెత్తారని, మంజీర ఒడ్డు ఊళ్ళవాళ్ళు పైకి రావాలని చాటింపు వేశారు. బాపు పొద్దున్నే చేనికి బయలుదేరాడు. మోటారు పైకి లాగకపోతే కొట్టుకుపోతుందన్నాడు. మా చేను చూసుకునే పోశయ్య అప్పటికే అక్కడున్నాడు. గుమ్మం దాటబోతుంటే అమ్మ ఎదురెళ్ళి చేతి సెట్టు ఇచ్చింది.

"ఫోన్లు పనిచేస్త లేవు. గిది వట్టుకపో."

బాపు దాన్ని చూసి, తీసుకుని, చొక్కా లోపల పెట్టుకున్నాడు.

మధ్యాహ్నానికి వార్తలు వచ్చాయి. మంజీర రోడ్డెక్కింది. మా చేనున్న హంగర్గ వైపు దారి తెగింది. కరెంటు లేదు, టవర్లు లేవు. నేను బ్యాటరీ మీద ఇంటి సెట్టు పెట్టాను. నిజామాబాద్‌లో కలెక్టర్ ఆఫీసులో మధుకర్ సార్ కూర్చున్నాడు. దుకాణం వెనక గది నుంచి చాచా నెట్ నడుపుతున్నాడు. ఏ ఊళ్ళో ఎంతమంది ఇరుక్కున్నారు, పడవ ఎటు పోవాలి, మందులు ఎవరికి కావాలి, అన్నీ ఆయన గొంతు మీదుగానే పోతున్నాయి. ఆ రోజు ఆయన గొంతులో పెళ్ళిపత్రిక లేదు. ఒక్కొక్క మాట విడిగా, నెమ్మదిగా చెబుతున్నాడు.

అమ్మ నా పక్కన పీట వేసుకుని కూర్చుంది. బాపు పేరు వస్తుందేమోనని ఇద్దరం చెవులు పెట్టి విన్నాం. రాలేదు.

ఒక సందేశానికీ ఇంకోదానికీ మధ్య ఖాళీలో రిపీటర్ తెరుచుకున్న టిక్కుమనే చప్పుడు వచ్చింది. ఆ వెంటనే రేకు మీద వాన పడుతున్న మోత. మాట లేదు. మూసుకుపోయింది. కొంతసేపటికి మళ్ళీ అదే. వాన మోత, సన్నగా ఎవరో మూలుగుతున్నట్టు ఒక చప్పుడు, మళ్ళీ మూసుకుంది.

చాచా అన్నాడు: "ఎవరో బటన్ నొక్కుతున్నరు. మాట అందుత లేదు. మల్ల ప్రయత్నం చెయ్యండి."

ఏమీ లేదు. ఇంకో రెండు సందేశాలు పోయాయి. అప్పుడు మళ్ళీ టిక్కుమంది. వాన మోత. మూసుకుంది.

అమ్మ నా మోచెయ్యి పట్టుకుంది. "మీ బాపే."

"ఎట్ల తెల్సు?"

"ఆయనే. మాట్లాడు."

నేను మైకు ఎత్తాను. అది కొత్త మైకు. బటన్ మీద వేలు పెట్టాను గాని నొక్కడానికి ధైర్యం రాలేదు. జిల్లాలో సెట్లున్నవాళ్ళంతా వింటున్నారు. ఆ శనివారం విన్నవాళ్ళే. మా ఇంటి గొంతు మళ్ళీ గుట్ట మీంచి వాళ్ళకు వినబడుతుంది. అమ్మ నా వేలి మీద తన వేలు పెట్టి నొక్కింది.

నా పేరు, లైసెన్సుతో ఇచ్చిన కాల్‌సైన్ చెప్పాను. "బాపు, నువ్వేనా? నువ్వైతె మాట్లాడు. చాచా వింటున్నడు."

వదిలాను. టిక్కుమంది. వాన మోతలోంచి బాపు గొంతు బొంగురుగా వచ్చింది.

"రహీం భాయ్. దేవిదాస్ మాట్లాడుతున్న. హంగర్గ పాత బడి డాబా మీద, రేకుల కింద ఉన్నం. ఇరవై మంది దాక ఉంటం. చుట్టూ నీళ్ళే. మా పోశయ్యకు పాము కరిచింది. రక్తపింజర. కాలు మోకాలు దాక ఉబ్బింది. నోట్లె నుంచి నెత్తురు ఒస్తుంది."

"అందింది," అన్నాడు చాచా. "హంగర్గ పాత బడి డాబా. పాము కాటు, రక్తపింజర. ఎప్పుడు కరిచింది?"

"అయింది. చాలసేపు అయింది."

"కట్టు గట్టిగ కట్టకండి. కదలనియ్యకండి. మధుకర్, మొదటి పడవ అటు పంపియ్యమని చెప్పండి. ఒడ్డు మీద అంబులెన్సు ఉండాలె, మందుతోటి."

మధుకర్ సార్ సరేనన్నాడు. అప్పుడు బాపు మళ్ళీ బటన్ నొక్కాడు.

"రహీం భాయ్, ఆనాడు నేను..."

"ఇది ఎమర్జెన్సీ నెట్," అన్నాడు చాచా. బాపు వదిలాకే అన్నాడు. గొంతు పెంచలేదు. "సొంత మాటలు వద్దు. మీ బ్యాటరీ కాపాడుకోండి. పడవ కనబడ్డంక చెప్పండి. తర్వాతి స్టేషన్, మెండోర, మీ సందేశం చెప్పండి."

పొద్దు గుంకేలోపు పడవ చేరింది. చాచా చెప్పినట్టే పోశయ్యను ఒడ్డు నుంచి అంబులెన్సులో నిజామాబాద్ పెద్ద దవాఖానకు తీసుకెళ్ళారు. బాపు అతని వెంటే వెళ్ళాడు. నీళ్ళు తగ్గి బస్సులు నడిచాక నేను వెళ్ళాను. పోశయ్య బతికాడు. కాలి వేళ్ళు రెండు నల్లబడితే తీసేశారు. అతని భార్య భూమవ్వ మంచం పట్టె మీద తల పెట్టి కూర్చుంది. బాపు గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. గడ్డం మాసింది. వేసుకున్నది వరదనాటి చొక్కానే.

నేను వెళ్ళిన కాసేపటికి చాచా వచ్చాడు. బాపును చూసి తల పంకించాడు. మంచం దగ్గరికి వెళ్ళి, పోశయ్య చెయ్యి పట్టుకుని ఎట్లుందని అడిగాడు.

"మంచిగనే ఉన్నది సారు. మీరే పడవ పంపిండ్రని మా పటేల్ చెప్పిండు," అన్నాడు పోశయ్య, కళ్ళతో బాపును చూపిస్తూ.

"ఆలస్యమైంది పోశయ్యా. మాకు ముందే తెల్వకపాయె."

"మీరేం జేస్తరు సారు. గా డబ్బ చెడిపోయింది గావచ్చు. పటేల్ నా పక్కకే కూసున్నడు. డబ్బ చేతుల్నే ఉన్నది. నొక్కుతడు, ఇడుస్తడు. నొక్కుతడు, ఇడుస్తడు. పనిచేస్తలేదా పటేలా అంటె మాట్లాడడు. నాకు కండ్లు మూతలు పడుతుండె."

భూమవ్వ తలెత్తి బాపు వైపు చూసింది. ఆమెకు ఏం అర్థమైందో నాకు తెలియదు. నేను నేల చూపులు చూశాను.

"చెడిపోలే పోశయ్యా," అన్నాడు చాచా. "మంచిగనే ఉండె."

తర్వాత ఆయన వరండాలోకి నడిచాడు. బాపు వెనకాలే వెళ్ళాడు. నేను తలుపు దగ్గర నిలబడ్డాను.

"నాకు నోరు రాలేదు రహీం భాయ్," అన్నాడు బాపు. "నీ గొంతు వినబడుతుంటె బటన్ నొక్కుతున్న, మాట ఒస్త లేదు."

"నాతోటి మాట్లాడబుద్ధి కాకుంటె మధుకర్ ఉండె. బిడ్డ ఉండె. ఎవరి పేరు పిలిచినా పడవ ఒస్తుండె."

"తెల్సు."

"మీకు సిగ్గయింది. అర్థం జేసుకున్న. సిగ్గు మీది దేవిదాస్ గారు. వేళ్ళు ఆయనయి."

బాపు ఏదో అనబోయాడు. "నేను ఆ శనివారం అన్నది..."

"విన్న," అన్నాడు చాచా. "మొత్తం విన్న. మల్ల చెప్పుడు అవసరం లేదు." కొంచెం ఆగి, అదే గొంతుతో అన్నాడు. "గాలికి గుట్ట మీద స్తంభం వంగింది. యాంటెన్నా దించి మల్ల కట్టాలె. వానలు ఆగినంక రండి. మీరు లేంది కాదు." నా వైపు తిరిగి, "నెట్‌ల హాజరు చెప్త లేవు నువ్వు. శనివారం చెప్పు," అని మెట్లు దిగి వెళ్ళిపోయాడు. ఒక్కసారీ వెనక్కి చూడలేదు.

మేం బయటికి వచ్చి దవాఖాన గేటు దగ్గర రేకుల షెడ్డు కింద కూర్చున్నాం. సన్నగా తుంపర పడుతోంది. బాపు మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని రోడ్డు చూస్తున్నాడు. పోశయ్య వేళ్ళ గురించి మాట్లాడతాడని అనుకున్నాను. భూమవ్వకు ఏం చెప్పాలో అడుగుతాడనుకున్నాను.

"విన్నవా?" అన్నాడు.

"ఏంది బాపు?"

"నన్ను మీరు అన్నడు. గారు అన్నడు."

ఆ మాట అంటూనే ఏడ్చేశాడు. ఆయన ఏడవడం నేనెప్పుడూ చూడలేదు. దగ్గరికి జరిగి భుజం మీద చెయ్యి వేయాలని ఉంది, వేయలేకపోయాను. లోపల ఒక మనిషి రెండు వేళ్ళు పోగొట్టుకుని పడుకుని ఉంటే, మా బాపును కుళ్ళబొడిచింది ఆ ఒక్క పిలుపు. అందుకు ఆయన మీద జాలేసింది. జాలేసినందుకు నా మీద నాకు సిగ్గేసింది.

"బాపు," అన్నాను. "భూమవ్వకు చెప్పాలె. డబ్బ చెడిపోలేదని చాచా అన్నడు గదా, ఆమె విన్నది. నువ్వే చెప్పాలె."

ఆయన నా వైపు చూడలేదు. బోధన్ బస్సు వచ్చి ఆగింది. కండక్టర్ కేకేశాడు. జనం ఎక్కారు. బాపు లేచాడు. మొహం చొక్కా చేతితో తుడుచుకున్నాడు.

"నువ్వు పో," అన్నాడు. "అమ్మకు చెప్పు, నేను రేపు కూడ రానని."

బస్సు కదిలాక కిటికీలోంచి చూశాను. బాపు తడుస్తూనే గేటు దాటి, దవాఖాన మెట్లెక్కి, పోశయ్య ఉన్న వార్డు వైపు వెళ్ళాడు.